విరిగిన ముక్కలు కలపనివ్వని మనిషి

మా పెద్దబావ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను సూరత్ పక్కన పల్సానాలో ఒక బట్టల ప్రాసెసింగ్ మిల్లు గేటు దగ్గర సూపర్‌వైజర్‌తో కొట్లాడుతున్నాను. మనుషులు తాగే నీళ్ల డ్రమ్ము గురించి గొడవ. ఫోన్లో మా అక్క. "మీ బావ లేడే ఇగ" అంది, అంతే. పొద్దున చాయ్ తాగి, అడాజన్ ఫ్లాటు బాల్కనీలో పేపరు చదువుతూ చదువుతూ పక్కకి ఒరిగిపోయాడట. నేను ఫోన్ సంచిలో వేసుకుని, సూపర్‌వైజర్‌తో మొదలుపెట్టిన మాట పూర్తిచేసి, డ్రమ్ము కడిగిస్తానని అతనితో అనిపించుకుని, ఆ తర్వాతే ఆటో ఎక్కాను. దీనిది రాతిగుండె అనుకుంటే అనుకోండి. గొడవ సగంలో వదిలేసి వెళ్తే ఆ మనిషి పాడె మీంచి లేచి "ఏందే, గింతేనా నీ పోరాటం?" అని ఎక్కిరించేవాడు.

కోపంతో రాస్తున్నాను, ముందే చెబుతున్నాను. ఆయన పనిచేసిన ల్యాబులో సంతాపసభ పెట్టారు. ఫొటోకి దండ వేశారు, అగరుబత్తి ముట్టించారు. ల్యాబు యజమాని, అందరూ సేఠ్ అంటారు, మైకు పట్టుకుని హిందీలో మాట్లాడాడు. సాబ్ ఎవరితోనూ గొడవపడని మనిషట. ఏ పనికీ కాదు, కుదరదు అని అనని మనిషట. తర్వాత ఒక ఇంజన్ల కంపెనీ నుంచి వచ్చిన పెద్దమనిషి లేచి, ఆయన మా కుటుంబసభ్యుడు అన్నాడు. మా తెలుగు సంఘం పెద్ద ఇంకో మెట్టు ఎక్కి అజాతశత్రువు అన్నాడు. నేను లేచి మైకు అడిగాను. "టైం నహీ హై, బెహన్‌జీ" అన్నారు. టైం ఎందుకు లేదంటే సమోసాలు చల్లారిపోతున్నాయి.

అక్కడ ఇవ్వని మైకు ఇక్కడ తీసుకుంటున్నాను. అజాతశత్రువట! ఆయనకి కనీసం నేనున్నాను శత్రువుని.

ఆయన ఎవరో చెప్పాలి కదా. జగిత్యాల వైపు పద్మశాలి ఇల్లు. తండ్రి సూరత్ వచ్చి మగ్గాల మీద బతికాడు, మా నాన్నలాగే. ఈయన ఒక్కడు మగ్గం వదిలి లోహాల చదువు చదివి డిప్లొమా తెచ్చుకున్నాడు. హజీరా వెళ్లే రోడ్డు మీద ఒక ప్రైవేటు ల్యాబులో చేరి, చివరికి దానికి పెద్ద అయ్యాడు. ఉక్కు ఫ్యాక్టరీలు ఇంజన్ల కోసమని కొత్త కొత్త రకాల ఉక్కు చేసి, చిన్న చిన్న కడ్డీలుగా కోసి అక్కడికి పంపుతాయి. ల్యాబు పని ఒక్కటే, వాటిని విరగ్గొట్టడం. లాగి విరుస్తారు, సుత్తి లాంటి లోలకంతో కొట్టి విరుస్తారు, తిప్పి తిప్పి అలిసిపోయేదాకా తిప్పి విరుస్తారు. ఏ బరువుకి విరిగింది, ఎట్లా విరిగింది అని రాసిస్తారు. ఆ రాతను బట్టే ఆ ఉక్కు ఇంజనులోకి వెళ్తుందా, చెత్తలోకి వెళ్తుందా తేలుతుంది.

"ఏం పని బావా నీది, తిని కూచొని సామాను ఇరగ్గొట్టుడు" అనేదాన్ని.

"నీదీ గదే కదనే, జీతం లేకుంట" అనేవాడు.

ఇంట్లో కూడా అదే బుద్ధి. చెప్పు తెగినా, బకెట్ పిడి ఊడినా, కుక్కర్ చెవి విరిగినా పారేయనిచ్చేవాడు కాదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "ఏదీ ఒక్కపారిగ ఇరగదు. ముందు ఏదో ఒక మూల మొదలైతది. ఆ మొదలు ఏడున్నదో సూడాలె." అక్క వంటింట్లోంచి "ఆ మొదలు తరువాత సూద్దువుగాని, ముందు కొత్త బకెట్ తేపో" అని అరిచేది. బకెట్ వారం తర్వాత వచ్చేది.

ఇక అసలు సంగతి. విరిగిన రెండు ముక్కల్ని ఎవరైనా దగ్గరికి తెచ్చి అతికించి చూస్తే ఆయనకి పిచ్చికోపం వచ్చేది. ఎంత కోపమంటే, దానికోసం కన్నకూతురినిచ్చిన మామను అవమానించాడు. మా నాన్న ఒకసారి అల్లుడి ల్యాబు చూద్దామని ముచ్చటపడి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. టేబుల్ మీద వేలు లావు కడ్డీ రెండు ముక్కలై ఉంది. ఒక ముక్క ఎడమ చివర, ఇంకోటి కుడి చివర, మధ్యలో జానెడు ఖాళీ. నాన్న రెండూ తీసుకుని, రెండు మొహాలు కలిపి, చక్కగా కూర్చున్నాయని సంబరంగా ఇటు తిప్పాడు. బావ ఒక్క ఉరుకున వచ్చి ఆయన చేతుల్లోంచి గుంజుకున్నాడు. పదిమంది చూస్తుండగా.

"గట్ల అతకద్దు మామా! మొఖం మీద మొఖం పెట్టి రుద్దితే ముక్కులుంటయా? ఎట్ల ఇరిగిందో చెప్పే గీతలన్ని చెరిగిపోతయి!"

"నేనేం జేసిన అల్లుడా, కలిపి సూసిన" అన్నాడు నాన్న.

"గదే చెయ్యద్దంటున్న!"

నాన్న ఆ రోజు నుంచి చాలాకాలం వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. తప్పు నాన్నదా చెప్పండి? మా ఇళ్లలో పుట్టిన చేతులకి అదొక్కటే తెలుసు. మగ్గం మీద పోగు తెగితే కళ్లు చూసేలోపే వేళ్లు పోయి రెండు కొసలూ పట్టుకుంటాయి, ముడేసి వదులుతాయి. తెగినదాన్ని తెగినట్టు వదిలేస్తే బట్ట పాడవుతుంది, మగ్గాల సేఠ్ తిడతాడు. ల్యాబులో చేరిన మావాళ్లందరూ మొదటి రోజు అదే పని చేశారు, అందరూ అవే తిట్లు తిన్నారు. గుజరాతీ పిల్లలు ముక్కను ముక్కలాగే వదిలేసేవాళ్లు, మావాళ్ల చేతులు ఆగేవి కావు. బావ తాను కూడా అలాగే చేసి తన గురువుతో తిట్లు తిన్నానని అక్కతో చెప్పాడట. మాకు చెప్పలేదు. మాకు తిట్లే చెప్పాడు.

ఆయన్ని నేను ద్వేషించింది దీనికొక్కదానికే కాదు. మగ్గాల కార్మికులు సమ్మె చేసిన రోజుల్లో ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని కంపెనీ బస్సు ఎక్కి దర్జాగా వెళ్లేవాడు. తండ్రి ఊపిరితిత్తులు ఆ మగ్గాల దుమ్ముతోనే పోయాయి, ఆ కొడుకు బస్సు కిటికీలోంచి మా ఊరేగింపు చూస్తూ వెళ్లేవాడు. నేను బస్‌స్టాపులో కరపత్రం చేతిలో పెడితే మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతోషించాను. మర్నాడు అది అక్క చేత తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో గీతలు గీసి. 'వేలాదిమంది' అన్న మాట చుట్టూ సున్నా చుట్టి పక్కన "లెక్కవెట్టినవా?" అని రాశాడు. ఆ కాగితం చించి పొయ్యిలో వేశాను. ఇప్పుడైనా అదే చేస్తాను. ఆకలితో ఉన్నవాడి తరఫున మాట్లాడేటప్పుడు లెక్క అడిగేవాడు యజమాని పక్కన నిలబడ్డట్టే అని నేను నమ్మాను, నమ్ముతున్నాను. ఆ విషయంలో బావ చచ్చిపోయినంత మాత్రాన ఆయన గెలవలేదు.

అయితే ఫిట్టర్ సంగతి ఒకటుంది. సంతాపసభలో ఎవరూ ఎత్తని సంగతి అదే.

మా జగిత్యాల వైపు మనిషే, ఒక ఇంజన్ల కంపెనీలో ఫిట్టర్. కొత్త ఇంజన్లను బెంచి మీద బిగించి నడిపి చూసే పని. కంపెనీ అప్పుడు క్రాంక్‌షాఫ్ట్‌కి కొత్త ఉక్కు వాడి చూస్తోంది. క్రాంక్‌షాఫ్ట్ అంటే ఇంజను లోపల పిస్టన్ల పైకీ కిందికీ కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చే వంకర ఇరుసు. నికెల్ లాంటి ఖరీదైన లోహాలు తగ్గించి చవగ్గా చేసిన ఉక్కు అది. ఇంజను నడుస్తుండగా ఆ ఇరుసు విరిగింది. ఇంజను పొట్ట పగిలి, ఒక ముక్క వచ్చి ఫిట్టర్ మోకాలు పగలగొట్టింది. అతను ఆస్పత్రిలో ఉండగానే కంపెనీ తేల్చేసింది, చెప్పినదానికంటే ఎక్కువ లోడు పెట్టి నడిపాడు, తప్పు అతనిదే అని. ఆ మాట కాగితం మీదికి ఎక్కితే ఉద్యోగం పోతుంది, కాలు వైద్యం కంపెనీ చేయించదు, హజీరాలో ఇంకే గేటూ అతన్ని లోపలికి రానివ్వదు. భార్య నా దగ్గరికొచ్చి "మా ఆయన అసొంటోడు కాదక్కా, గట్టిగ తలుపు సుత ఎయ్యడు" అని ఏడ్చింది. ఇరుసు బావ ల్యాబుకి పంపిస్తే నిజం తేలుతుందని నేనే చెప్పాను, అందరూ పట్టుబడితే కంపెనీ సరేనంది.

ఫిట్టర్ తోటివాళ్లకి ఒక భయం పట్టుకుంది. కంపెనీ వాళ్లు ఒక ముక్క మాయం చేస్తే? అందుకని పంపే రోజున వాళ్లే దగ్గరుండి రెండు ముక్కలూ తీసుకున్నారు. నెత్తురంటిందని కిరసనాయిలుతో కడిగారు. రుద్ది తుడిచారు. మొహానికి మొహం చక్కగా కలిపారు. వాళ్లూ మా ఇళ్లవాళ్లే కదా, మగ్గం నూలు తెచ్చి చుట్టూ బిగించి బిగించి చుట్టారు. ఎంత బాగా చుట్టారంటే కొత్త బాబిన్‌లా ఉంది. పైన తువ్వాలు కట్టి, టెంపోలో ఒళ్లో పెట్టుకుని, ఆ గతుకుల రోడ్డంతా పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చారు. నేను వెంట ఉన్నాను.

బావ తువ్వాలు విప్పాడు. నూలు చూశాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"ఎవలు కట్టిండ్రు?"

"మేమే సార్" అన్నాడు ఫిట్టర్ బామ్మర్ది, మెచ్చుకుంటాడేమోనని ముందుకొచ్చి. "ఒక ముక్క గిట్ల పోతదేమోనని, జర గట్టిగ కట్టినం."

బావ బ్లేడు తీసి నూలు కోశాడు. ముక్కలు విడదీశాడు. నాకే తెలిసిపోయింది. రెండు మొహాలూ దారి పొడుగునా ఒకదాన్నొకటి నూరుకుని, అద్దాల్లా మెరుస్తున్నాయి. అప్పుడు మొదలుపెట్టాడు చూడండి. మీ చేతులు ఇరగ అన్నాడు, మీకు బుర్ర ఉందా అన్నాడు, వాని కాలు కంపెనీ ఇరగ్గొడితే వాని నోరు మీరు కట్టేసిండ్రు అన్నాడు. బామ్మర్ది అక్కడే గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను "సిగ్గుండాలె బావా నీకు" అని వాళ్లని తీసుకుని బయటికొచ్చేశాను.

ఆ సాయంత్రం అడాజన్ వెళ్లి ఆయన కంచం ముందు నిలబడ్డాను.

"ఆ ఉక్కు మంచిది కాదని నీకు తెల్సు. రాయి."

"అనుమానమున్నది. అనుమానం రాయ."

"వాళ్లు అబద్ధం రాస్తున్నరు కదా?"

"రాస్తున్నరు."

"మరి నువ్వు మనోడి కోసం ఒక్క మాట రాయలేవా?"

"వాళ్ల కోసం నేను ఒక్క అబద్ధం రాసిననుకో, నువ్వు ఊకుంటవా? నా ఇంటి ముంగట జెండా పాతవా? మరి నీ కోసం రాయుమంటే ఎట్ల రాస్తనే?"

"అది ఇది ఒకటేనా? వాళ్లు బలిసినోళ్లు, వీడు కుంటోడైండు!"

"ఉక్కుకు ఆ ముచ్చట తెల్వదు."

"నీకు తెల్వాలె!"

అక్క మధ్యలోకి వచ్చి "మనిషిని తిననియ్యవే" అంది. నేను తినకుండా లేచి వచ్చేశాను. ఈ వాదన నేను గెలిచానో ఓడానో ఇప్పటికీ తేలలేదు, నా వైపు నుంచి నేను ఇంకా ఒప్పుకోలేదు.

కానీ ఆయన అక్కడ ఆపలేదు. విరిగిన మొహాలు పోతే పోయాయి, ఇరుసు మిగతా ఒళ్లంతా ఉంది కదా. దాన్నే కోసి వేలు లావు కడ్డీలు చేయించాడు. వాటిని తిప్పే యంత్రం ఒకటుంది. కడ్డీని రెండు వైపులా పట్టుకుని, బరువు వేలాడదీసి, గిర్రున తిప్పుతూనే ఉంటుంది. తిరిగే ప్రతి చుట్టుకీ కడ్డీ కంటికి కనపడనంత వంగి లేస్తుంది. అలిసిపోయిన రోజున విరుగుతుంది, యంత్రం దానంతటదే ఆగుతుంది. కంపెనీ చెప్పిన లోడు కంటే తక్కువే పెట్టాడు. పక్క యంత్రంలో అదే ఉక్కు ఫ్యాక్టరీ చేసిన పాత రకం కడ్డీ పెట్టాడు, అదే బరువుతో.

సేఠ్ దిగొచ్చాడు. "ఈ పరీక్ష ఎవరు అడిగారు సాబ్? పార్టీ నారాజ్ హో జాయేగీ, కంపెనీకి కోపం వస్తుంది."

"హోనే దో, రానియ్యి."

"మెషీన్ వేరేవాళ్లకి కావాలి."

"ఖాళీ అయినంక ఇస్త" అని తెలుగులో చెప్పి, సేఠ్‌కి అర్థమైందో లేదో చూడకుండా స్టూలు యంత్రానికి ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నం డబ్బా కూడా అక్కడే విప్పేవాడు. ఇదీ ఎవరితోనూ గొడవపడని మనిషి నడవడి.

ఒక రోజు నన్ను రమ్మని కబురు పంపాడు. కొత్త ఉక్కు కడ్డీ విరిగింది. పాతది పక్కన ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది. సూక్ష్మదర్శిని కింద ముక్క పెట్టి "రా, సూడు. ముట్టకు" అన్నాడు. చూశాను. డుమస్ బీచిలో నీళ్లు వెనక్కి తగ్గుతున్నప్పుడు ఇసుక మీద వంపులు వంపులుగా గీతలు మిగులుతాయి చూడండి, అచ్చం అలాంటి గీతలు. అన్నీ ఒక నల్లటి చుక్క చుట్టూ ఉన్నాయి. ఉక్కు కరిగేటప్పుడు అందులో చిక్కుకుపోయిన మలినం.

"గదే మొదలు" అన్నాడు బావ. "తక్కువ బరువుకే ఇరిగింది. ఇగ వాడు ఎక్కువ లోడు పెట్టిండో లేదో అడిగే పనే లేదు. పెట్టకున్నా ఇరుగుతది."

అది ఒక్కటే కాదు, ఆ ఇరుసులోంచి తీసిన మిగతావీ విరిగాయి. ఆయన అదే రాశాడు, ఒక్క విశేషణం లేకుండా. కంపెనీ ఫిట్టర్ మీద వేసిన నిందను చప్పుడు లేకుండా వెనక్కి తీసుకుంది, ఆ ఉక్కునీ చప్పుడు లేకుండా మానేసింది. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. కాలికి వైద్యం చేయించారు, స్టోర్స్‌లో పని ఇచ్చారు. ఇప్పటికీ కుంటుతూనే వెళ్తాడు. అతను మిఠాయి డబ్బా పట్టుకుని బావ ఇంటికొస్తే ఈ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "నీ కోసం జెయ్యలే. ఇరుగుతదా లేదా సూసిన." అతని మొహం వాడిపోయింది. అక్క గబగబా డబ్బా అందుకుని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

బావకి సేఠ్ బహుమానం కూడా ఇచ్చాడు. ప్రమోషన్ అన్నారు. పైఅంతస్తులో ఏసీ గది, పెద్ద కుర్చీ, పార్టీలతో మర్యాదగా మాట్లాడే పని. ల్యాబు తాళాలు మాత్రం తీసేసుకున్నారు. రిటైరయ్యేదాకా ఇక ఏ ముక్క మీదా ఆయన మాట చెల్లలేదు. మధ్యాహ్నం తిన్నాక కిందికి దిగి, యంత్రాల గది అద్దం బయట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడట. ఇప్పుడు ఆ సేఠే మైకు పట్టుకుని ఆయన కాదనని మనిషి అంటాడు! కాదన్నందుకే కదయ్యా ఆ అద్దం బయట నిలబెట్టావు?

ఇంకో మాట. ఆ తర్వాత ఒకే ఒక్కసారి, నేను పిలవకుండానే మా కార్మికుల సభకి వచ్చాడు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. "మిషన్ల ఏదన్న ఇరిగి మనిషికి దెబ్బ తాకితే, రెండు ముక్కలు వేరువేరు బట్టల కట్టి తేవాలె. కడగద్దు, తుడవద్దు, అతకద్దు" అని చెప్పి, చప్పట్ల కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. ఏం ఉపన్యాసం అని అందరూ నవ్వారు. ఇప్పుడు పల్సానాలో ఏ మిల్లులో ఇరుసు విరిగినా మావాళ్లు రెండు మూటలు పట్టుకుని వస్తారు. నా ఉపన్యాసాలు ఎవరికి గుర్తున్నాయో నాకు తెలియదు.

అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు, పోయినాయన మీద ఇంకా ఏంటి ఈ పంతం, నాలుగు మంచి మాటలు చెప్పి ముగించవచ్చు కదా అని. అక్క కూడా "మంచిగ రాయవే" అంది. నాకూ ఆయనకీ మధ్య పగులు ఉంది. నా కరపత్రం దగ్గర మొదలైందో, మా నాన్న చేతుల్లోంచి ఆ కడ్డీ గుంజుకున్న రోజే మొదలైందో. ఇప్పుడు ఆయన మాట్లాడలేడు గనక నేను రెండు వైపులా నునుపుచేసి, దండ వేసి, మేమిద్దరం ఒకటే అని రాస్తే అది సేఠ్ చేసిన పనే అవుతుంది. సమ్మె రోజుల్లో ఆ బస్సు ఎక్కిన మనిషినీ, ఆ స్టూలు మీద కూర్చున్న మనిషినీ ఇద్దరినీ మీ ముందు పెడుతున్నాను. ఆ స్టూలు మనిషికి నేను రుణపడి ఉన్నాను. ఆ మాట ఆయన ఉండగా చెప్పలేదు. చెప్పి ఉంటే "లెక్కవెట్టినవా?" అనేవాడు.

పదోరోజున అడాజన్‌లో ఇంటినిండా బంధువులు. షోకేసులో గాజు గిన్నెల పక్కన ఒక కడ్డీ రెండు ముక్కలు ఉంటాయి, చెరొక మూల, కొసలకి దూదితో. ఫిట్టర్ ఇరుసులోంచి తీసి మొదట విరగ్గొట్టిన కడ్డీ అది. అక్కకి అవంటే మంట, "ఇంటి నిండ ఇనుప తుక్కు" అని దుమ్ము దులిపినప్పుడల్లా సణిగేది. మా మేనత్త, జీవితమంతా బాబిన్లు చుట్టిన మనిషి, షోకేసు తలుపు తీసి రెండూ చేతుల్లోకి తీసుకుంది. "పాపం, మంచి కడ్డీ ఇరిగిందే" అంది. ఒక కొసన ఉన్న దూది జారి కింద పడింది. అత్త చేతులు వాటంతటవే దగ్గరికి రావడం మొదలుపెట్టాయి.

"అత్తా, కలపకు!"

వంటింటి గుమ్మంలో అక్క. చేతుల నిండా శనగపిండి. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు, అంటే ఆమె నోట ఎప్పుడూ వినలేదు. అత్త బిత్తరపోయి అలాగే నిలబడింది, ఒక్కో చేతిలో ఒక్కో ముక్క. రెండింటికీ మధ్య వేలెడు సందు, ఆ సందులోంచి బాల్కనీ వెలుతురు పడుతోంది.